మూలం నిలిపిన వ్యాసం: తెలుగు వికీపీడియాలో కొత్త వ్యాసాల అంగీకారం – కృష్ణా డెల్టా విషయాల పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగు వికీపీడియాలో ఎవరైనా కొత్త వ్యాసం ప్రారంభించవచ్చు. ప్రారంభించిన ప్రతి వ్యాసమూ నిలవదు. విజయవాడ, కృష్ణా డెల్టా ప్రాంత విషయాలను ఆధారంగా తీసుకొని, కొత్త వ్యాసం నిలవడాన్ని ఏ అంశాలు నిర్ణయిస్తున్నాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ప్రభుత్వం లెక్కించిన విషయాలకు సులభంగా చోటు దొరకడం, లెక్కకు అందని మనుషులకూ కళలకూ మూలాల కొరత అడ్డురావడం, ముద్రితమైన ఆధారాలు కూడా అందుబాటులో లేకపోవడం ఇందులో ప్రధానాంశాలు. ప్రమాణాన్ని సడలించడం ఇందుకు పరిష్కారం కాదని, ఆ ప్రమాణాన్ని అందరికీ సమానంగా వర్తింపజేయడం సంపాదకుల బాధ్యత అనీ, స్థానిక విషయాలకు నమ్మదగిన మూలాలను సమకూర్చడం పరిశోధకుల బాధ్యత అనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: తెలుగు వికీపీడియా, విజ్ఞాన సర్వస్వం, విషయ ప్రాముఖ్యత, నిర్ధారత్వం, మూలాలు, కృష్ణా డెల్టా, స్థానిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం

తెలుగులో విజ్ఞాన సర్వస్వ రచనకు బాట వేసిన కొమర్రాజు వెంకట లక్ష్మణరావు కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు, ఆచంట లక్ష్మీపతి, మల్లంపల్లి సోమశేఖరశర్మ వంటి సహచరుల తోడ్పాటుతో ఆయన సాగించిన ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’ అకారాదిక్రమంలో మొదలైంది. మూడు సంపుటాలు వెలువడినా ‘అ’ అక్షరం పూర్తి కాలేదు. 1923లో ఆయన మరణించారు. అదే జిల్లాలోని ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు 1930లలో ఆ పనిని తిరిగి చేపట్టారు. 1947లో ఏర్పడిన తెలుగు భాషా సమితి అకారాదిక్రమాన్ని విడిచిపెట్టి, విషయాలవారీగా సంపుటాలను ప్రచురించింది.

ఈ ప్రయత్నాల పద్ధతులు వేరు. అయితే ఏ విషయానికి చోటివ్వాలి, ఎంత చోటివ్వాలి అనే నిర్ణయం వీటన్నిటిలోనూ సంపాదకుడిదో సంపాదకవర్గానిదో. పుటల సంఖ్య, ముద్రణ వ్యయం ఆ నిర్ణయానికి హద్దులు గీసేవి. 2003 డిసెంబరులో ప్రారంభమైన తెలుగు వికీపీడియా ఈ రెండు హద్దులనూ తొలగించింది. అక్కడ సంపుటం లేదు, పుటల పరిమితి లేదు, నియమితుడైన ప్రధాన సంపాదకుడు లేడు. లక్ష వ్యాసాలు దాటిన ఈ విజ్ఞాన సర్వస్వం తన దశాబ్ది ఉత్సవాలను 2014 ఫిబ్రవరిలో విజయవాడలో జరుపుకొన్నది. విశిష్ట కృషికి ఇచ్చే పురస్కారానికి లక్ష్మణరావు పేరు పెట్టుకొన్నది.

పుటల కొరత తీరినా ఎంపిక తప్పలేదు. సంపాదకుడి బల్ల మీద జరిగే ఎంపిక ఇప్పుడు మూలాల పరిశీలనలో జరుగుతున్నది. ఆ పరిశీలన తీరునూ, దానివల్ల ఒక ప్రాంత జ్ఞానంలో ఏది నిలుస్తున్నది, ఏది జారిపోతున్నది అన్న విషయాన్నీ విమర్శనాత్మకంగా చూడవలసి ఉంది.

2. అంగీకార ప్రక్రియ

కొత్త వ్యాసానికి సంబంధించి ఆంగ్ల వికీపీడియా పద్ధతికీ తెలుగు పద్ధతికీ తేడా ఉంది. ఆంగ్లంలో ఖాతా తెరిచి నాలుగు రోజులు గడిచి, కనీసం పది మార్పులు చేసినవారే నేరుగా వ్యాసం సృష్టించగలరు. మిగిలినవారు చిత్తుప్రతి రాసి సమీక్షకు పంపాలి. 2018లో ఈ పరిమితి శాశ్వతమైంది. తెలుగులో ఇంత కట్టుదిట్టమైన ముందస్తు సమీక్ష లేదు. వ్యాసం ముందు ప్రచురితమవుతుంది, పరిశీలన ఆ తర్వాత జరుగుతుంది. మూలాలు లేవని, ప్రాముఖ్యత స్పష్టం కాలేదని మూసలు చేరుతాయి. చర్చాపేజీలో ప్రశ్నలు వస్తాయి. అవసరమైతే తొలగింపు ప్రతిపాదన వస్తుంది, కొన్నిసార్లు వ్యాసాన్ని రచయిత వాడుకరి పేజీకి తరలిస్తారు.

కాబట్టి తెలుగు వికీపీడియాలో ‘అంగీకారం’ ఒక ముద్ర కాదు, ఒక తేదీన వెలువడే నిర్ణయమూ కాదు. వ్యాసం కాలక్రమంలో నిలదొక్కుకోవడమే అంగీకారం. ఈ తేడాను గుర్తించని కొత్త రచయిత, వ్యాసం కనిపించిన రోజునే పని పూర్తయిందని భావిస్తాడు. వారం తర్వాత మూస కనిపిస్తే దాన్ని అవమానంగా తీసుకొంటాడు.

ఈ పరిశీలనలో మూడు సూత్రాలు ప్రధానం. మొదటిది నిర్ధారత్వం: రాసిన విషయాన్ని చదువరి మరొకచోట సరిచూసుకోగలగాలి. రెండవది మౌలిక పరిశోధనకు చోటు లేకపోవడం: ఎక్కడా ప్రచురితం కాని కొత్త నిర్ణయాలను, కొత్త సేకరణలను విజ్ఞాన సర్వస్వంలో తొలిసారి ప్రకటించకూడదు. మూడవది విషయ ప్రాముఖ్యత: వ్యాస విషయంతో సంబంధం లేని, విశ్వసనీయమైన మూలాలు దాన్ని గురించి చెప్పుకోదగినంత వివరంగా రాసి ఉండాలి. ఈ మూడింటినీ కలిపి చూస్తే ఒక విషయం తేటపడుతుంది. ఒక వ్యక్తి గొప్పవాడా కాదా అని వికీపీడియా తీర్పు చెప్పదు. ఆయనను గురించి ఇతరులు రాశారా లేదా అన్నదే అది అడిగే ప్రశ్న. ‘ప్రాముఖ్యత’ అనే తెలుగు మాటలో గౌరవం, యోగ్యత అనే అర్థచ్ఛాయలు ఉన్నందువల్ల ఈ ప్రశ్న తరచుగా అపార్థానికి గురవుతున్నది. వ్యాసం తొలగించడాన్ని ఆ వ్యక్తి యోగ్యతను తిరస్కరించడంగా ఆయన శిష్యులు, బంధువులు భావించడానికి ఒక కారణం ఈ పారిభాషిక పదంలోనే ఉంది.

భాషా మర్యాదకు సంబంధించిన చిక్కు మరొకటి ఉంది. తెలుగు వికీపీడియా వ్యక్తుల గురించిన వ్యాసాలలో ‘శ్రీ’, ‘గారు’ వంటి గౌరవవాచకాలను వదిలి, ఏకవచన ప్రయోగాన్ని సంప్రదాయంగా పాటిస్తున్నది. తటస్థతను దృష్టిలో ఉంచుకొన్న పద్ధతి ఇది. తన గురువును ‘ఆయన’, ‘వారు’ అనడమే అలవాటైన డెల్టా ప్రాంత రచయితకు ‘అతను జన్మించాడు’ అన్న వాక్యం మింగుడుపడదు. ‘గారు’ చేర్చి, ‘మహనీయులు’, ‘ప్రాతఃస్మరణీయులు’ వంటి విశేషణాలతో నింపిన వ్యాసం అనుభవజ్ఞులైన సంపాదకుల కంటికి ప్రచార రచనగా కనిపిస్తుంది. విషయంలో బలం ఉన్నా శైలి వల్ల అనుమానం మొదలవుతుంది.

3. లెక్కకు ఎక్కిన విషయాలు

తెలుగు వికీపీడియా తొలి సంవత్సరాలలో బాట్ల సహాయంతో వేల సంఖ్యలో గ్రామాల పేజీలు ఏర్పడ్డాయి. తరువాత వాటిలో 2011 జనగణన వివరాలు చేరాయి. చట్టబద్ధంగా గుర్తింపు పొందిన జనావాసానికి ప్రాముఖ్యత ఉన్నట్లే భావించాలన్న సూత్రం వాటికి రక్షణ. గ్రామం రెవెన్యూ రికార్డులో ఉంటే చాలు, దాన్ని గురించి ఎవరూ పుస్తకం రాయవలసిన అవసరం లేదు.

ఈ విధానం వల్ల కలిగిన మేలు చిన్నది కాదు. మండలం, జనాభా, విస్తీర్ణం, సాగునీటి వసతి వంటి వివరాలు తెలుగులో ఒకేచోట దొరుకుతున్నాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు విజయవాడ, పెనుగంచిప్రోలు ఎన్.టి.ఆర్. జిల్లాలోకి, కైకలూరు ఏలూరు జిల్లాలోకి, రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. మచిలీపట్నం, అవనిగడ్డ కృష్ణా జిల్లాలోనే ఉండిపోయాయి. ఇన్ని పేజీలను సవరించిన పని స్వచ్ఛందంగా జరిగిన పని అని మరువరాదు.

అయితే జనగణన చూపే ఊరు వేరు, ఊరివారు ఎరిగిన ఊరు వేరు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఐదు కిలోమీటర్ల లోపు ఉందా, పది దాటి ఉందా, తపాలా కార్యాలయం ఉందా, సేద్యపు భూమి ఎన్ని హెక్టార్లు అన్న ప్రశ్నలకు ఆ పట్టికలు జవాబు చెబుతాయి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన ఆ పట్టికలలో ఉండదు. నాగాయలంక మండలంలోని సొర్లగొంది వంటి ఊరికి ఆ ఒక్క రాత్రి చరిత్రను రెండుగా చీల్చిన సంఘటన. 2011 నాటి కుటుంబాల సంఖ్య ఆ చీలికను చెప్పలేదు. పట్టికను మాత్రమే ఆధారం చేసుకొన్న గ్రామవ్యాసం నియమాల ప్రకారం నిలుస్తుంది. ఆ ఊరి గురించి తెలుసుకోవాలనుకొన్న చదువరికి మాత్రం ఊరు కనిపించదు.

సినిమాల విషయంలోనూ పరిస్థితి ఇటువంటిదే. నటీనటులు, సాంకేతిక నిపుణుల పట్టిక తప్ప మరేమీ లేని సినిమా వ్యాసాలు ఏళ్ల తరబడి నిలిచి ఉన్నాయి. 2009–2011 మధ్య గూగుల్ అనువాద సాధనంతో చేరిన వ్యాసాలలో అనేకం వాక్యనిర్మాణం కుదరక చదవడానికి వీలులేనివిగా మిగిలాయి. వాటి మంచిచెడ్డలను తెలుగు వికీపీడియా సముదాయమే చర్చించింది. ఇక్కడ గమనించవలసినది ప్రమాణం వర్తించిన తీరు. మూకుమ్మడిగా వచ్చిన వ్యాసాలను సముదాయం ఓపికతో భరించింది. ఒంటరిగా వచ్చిన కొత్త రచయిత వ్యాసానికి మొదటి రోజే పరీక్ష ఎదురవుతున్నది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. వేల పేజీలను ఒక్కొక్కటిగా చూసే మనుషులు లేరు, ఒక్క కొత్త పేజీని చూసే మనిషి ఉన్నాడు. కారణం ఏదైనా ఫలితం అసమానమే.

4. లెక్కకు అందని మనుషులు

కూచిపూడి నాట్యం, కొండపల్లి బొమ్మలు, మచిలీపట్నం కలంకారీ, బందరు లడ్డు వంటి విషయాలకు వికీపీడియాలో చోటు సులభం. కూచిపూడికి విస్తారమైన గ్రంథ సామగ్రి ఉంది, మిగిలిన మూడింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. వాటిని బ్రతికించిన మనుషుల దగ్గరకు వచ్చేసరికి దారి ఇరుకవుతుంది.

స్త్రీపాత్రల అభినయానికి పేరొందిన వేదాంతం సత్యనారాయణశర్మకు 1970లో పద్మశ్రీ వచ్చింది. పురస్కారం, సంగీత నాటక రంగ విమర్శకుల రచనలు, పత్రికల సమీక్షలు ఆయనపై వ్యాసానికి గట్టి పునాది. అదే వేదిక వెనుక మృదంగం వాయించినవారికి, ఆహార్యం దిద్దినవారికి అటువంటి ఆధారాలు అరుదు. సమీక్షకుడు నర్తకుని గురించి పేరా రాసి, వాద్యబృందాన్ని ఒక్క వాక్యంలో ముగిస్తాడు. ‘చెప్పుకోదగిన వివరం’ అనే నిబంధన ఆ ఒక్క వాక్యాన్ని లెక్కలోకి తీసుకోదు. ఇక్కడి వివక్ష వికీపీడియాలో పుట్టినది కాదు, పత్రికా సమీక్షలోనే మొదలైంది. వికీపీడియా దాన్ని యథాతథంగా స్వీకరించింది.

బుర్రకథ మరింత సూక్ష్మమైన ఉదాహరణ. పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్‌కు 1986లో పద్మశ్రీ లభించింది. ఆయన జీవితకథ ‘పింజారి’ పేరుతో పుస్తకంగా వచ్చింది. నియమం ప్రకారం ఆత్మకథ ఆ వ్యక్తికి స్వతంత్రమైన మూలం కాదు. పుట్టుక, చదువు, గురువుల వంటి సాధారణ వివరాలకు అది పనికివస్తుంది, ప్రాముఖ్యతను నిరూపించడానికి పనికిరాదు. ఆ పని పురస్కారమూ ఇతరుల రచనలూ చేస్తాయి. బుర్రకథలో కథకుడితో పాటు ఇద్దరు వంతలు ఉంటారు. ఒకరు హాస్యం నడిపిస్తే మరొకరు రాజకీయం చెబుతారు. ముగ్గురూ లేకపోతే కథ లేదు. అయినా ముద్రిత సాహిత్యంలో ఎక్కువగా మిగిలేది కథకుడి పేరే. వంతలపై వ్యాసం రాయబోయిన రచయితకు ‘మూలాలు లేవు’ అనే సమాధానం వస్తుంది. ఆ సమాధానం సత్యమే. అయితే దాన్ని ‘వారు ముఖ్యులు కారు’ అని చదువుకోవడం అసత్యం.

ఇటువంటి సందర్భాలలో ప్రత్యేక వ్యాసమే ఏకైక మార్గం అనుకోనక్కరలేదు. ఒక కళాకారుడి గురించి నమ్మదగిన మూడు వాక్యాలు దొరికితే అవి ఆయన ఊరి వ్యాసంలోనో, ఆ కళారూప వ్యాసంలోనో చేరవచ్చు. పేరుతో పేజీ ఉండాలన్న పట్టుదల తగ్గితే సమాచారం నిలుస్తుంది. తర్వాత ఆధారాలు పెరిగినప్పుడు దానినుంచి ప్రత్యేక వ్యాసం పుడుతుంది. పేజీని సన్మానపత్రంగా భావించే ధోరణి కొత్త రచయితలను ఈ సులభమార్గానికి దూరం చేస్తున్నది.

5. ముద్రితమైనా కనిపించని ఆధారాలు

కృష్ణా డెల్టాకు ముద్రణ కొరత లేదు. 1902లో మచిలీపట్నం నుంచి ‘కృష్ణాపత్రిక’ మొదలైంది. 1914 ఏప్రిల్ 10న చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన బెజవాడలో జరిగిన గ్రంథ భాండాగారుల మహాసభ ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమానికి సంస్థారూపం ఇచ్చింది. అయ్యంకి వెంకటరమణయ్య దానికి ప్రాణం పోశారు. 1935లో పాతూరి నాగభూషణం పూనికతో కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలో పడవ గ్రంథాలయం నడిచింది. స్వాతంత్ర్యానంతరం విజయవాడ తెలుగు ప్రచురణకు కేంద్రమైంది. ఇంతటి ముద్రణ సంస్కృతి ఉన్న ప్రాంతంలోని విషయాలపై ‘మూలాలు లేవు’ అన్న మూస పడడం వింతగా తోస్తుంది.

కారణం వెదకడం కష్టం కాదు. సమీక్షించే స్వచ్ఛంద సంపాదకుడు అంతర్జాలంలో వెదుకుతాడు. పాత పత్రికల ప్రతులు చాలావరకు బొమ్మల రూపంలోనే స్కాన్ అయ్యాయి. వాటిలోని పాఠ్యాన్ని వెదికే వీలు అన్ని చోట్లా లేదు. 1980ల చివరి నుంచి తెలుగు దినపత్రికల జిల్లా అనుబంధాలు ఊరి వార్తలను విస్తారంగా ప్రచురించాయి. ఆ అనుబంధాలను భద్రపరచిన గ్రంథాలయాలు తక్కువ. అంతర్జాల సంచికల లంకెలు కొద్ది సంవత్సరాలకే పనిచేయకుండా పోతాయి. నిన్న చూపిన మూలం రేపు కనిపించదు.

వికీపీడియా నియమం ప్రకారం మూలం అంతర్జాలంలోనే ఉండనక్కరలేదు. పుస్తకమైతే రచయిత, శీర్షిక, ప్రచురణకర్త, సంవత్సరం, పుటసంఖ్య ఇవ్వాలి. పత్రికైతే పేరు, సంచిక, తేదీ, పుట ఇవ్వాలి. గ్రంథాలయానికి వెళ్లి సరిచూడగలిగితే నిర్ధారత్వం నెరవేరినట్లే. ఈ విషయం కొత్త రచయితలకు తెలియదు. కొందరు సమీక్షకులకు తెలిసినా లంకె ఉన్న మూలానికి ఇచ్చిన విలువను పుటసంఖ్య ఉన్న మూలానికి ఇవ్వరు.

ముద్రితమైనదంతా సమానమైన మూలం కాదన్నది దీనికి రెండో వైపు. డెల్టా ప్రాంతంలో విరివిగా దొరికే సామగ్రిని ఈ దృష్టితో వర్గీకరించుకోవాలి.

సన్మాన సంచికలు, షష్టిపూర్తి సంచికలు, స్మారక సంచికలు సమాచార నిధులు. అయితే అవి ఆ వ్యక్తి అభిమానులు ప్రశంసకై వేసినవి. తేదీలు, రచనల జాబితా వంటి వాటికి వాడుకోవచ్చు. స్వతంత్ర మూలాలుగా చూపడం కుదరదు.

రచయితే ఖర్చు భరించి వేసుకొన్న పుస్తకాలు విజయవాడ ముద్రణరంగంలో పెద్దభాగం. వాటికి ప్రసిద్ధులు రాసిన ముందుమాటలను కొత్త రచయితలు సమీక్షలుగా చూపుతుంటారు. రచయిత కోరగా, అదే పుస్తకంలో అచ్చయిన ముందుమాట స్వతంత్రమైన అంచనా కాదు. అదే పెద్దమనిషి మరో పత్రికలో ఆ పుస్తకాన్ని సమీక్షిస్తే దాని బలం వేరు.

పత్రికా వార్తలలోనూ తేడాలున్నాయి. ‘ఫలానావారికి ఘన సన్మానం’ అన్న నాలుగు వాక్యాల వార్త నిర్వాహకులు పంపిన ప్రకటనే కావచ్చు. విలేకరి స్వయంగా పరిశీలించి రాసిన ప్రత్యేక కథనం గట్టి మూలం. పది సన్మాన వార్తలు ఒక్క కథనానికి సాటిరావు.

విశ్వవిద్యాలయాలకు సమర్పించి ఆమోదం పొందిన పరిశోధన గ్రంథాలు, నిపుణులు సమీక్షించిన పరిశోధన పత్రికల వ్యాసాలు, శాసన సంపుటాలు, 1883లో గార్డన్ మెకంజీ రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్ వంటి పాలనా గ్రంథాలు ఉన్నతశ్రేణికి చెందినవి. వీటిలో చివరిదాన్ని వలసపాలకుడి దృష్టి ఉందన్న ఎరుకతో వాడుకోవాలి.

ఈ వర్గీకరణ తెలిసిన రచయిత వ్యాసం మొదలుపెట్టేముందే అది నిలుస్తుందో లేదో చాలావరకు అంచనా వేయగలడు. ముందు వ్యాసం రాసి, పిమ్మట మూలాలు వెదకడం తలకిందుల పద్ధతి. దొరికిన మూలాలు చెప్పినంతే రాయడం విజ్ఞాన సర్వస్వ రచనలో తొలిపాఠం.

6. మౌఖిక ఆధారాలు – కైఫియత్తుల పాఠం

రాతలో లేని జ్ఞానం మాటేమిటన్న ప్రశ్న మిగిలే ఉంది. 2011లో అచల్ ప్రభలా నేతృత్వంలో భారతదేశంలోనూ దక్షిణాఫ్రికాలోనూ జరిగిన ఒక ప్రయోగం మనుషుల మాటలను నమోదు చేసి వికీపీడియాలో మూలాలుగా చూపవచ్చా అని పరీక్షించింది. చర్చ రేగింది, సాధారణ నియమం మాత్రం మారలేదు. మాటను సరిచూసే వీలేమిటి, చెప్పినవాడి అధికారమేమిటి అన్న అభ్యంతరాలు బలమైనవే.

ఈ చర్చకు తెలుగునాట పాత దృష్టాంతం ఉంది. కాలిన్ మెకంజీ సర్వే కాలంలో ఆయన సహాయకులు గ్రామగ్రామాన కరణాల నుంచి సేకరించిన వృత్తాంతాలే కైఫియత్తులు. ఏలూరులో జన్మించిన కావలి వెంకట బొర్రయ్య, ఆయన సోదరులు ఈ సేకరణలో ప్రముఖులు. ఊరిలో నోటిమాటగా, కరణం కవిలెలలో ఉన్న జ్ఞానం అప్పుడు కాగితానికి ఎక్కింది. రెండు శతాబ్దాల తరువాత చరిత్రకారులు వాటిని శాసనాలతో పోల్చి, తప్పొప్పులు తేల్చి వాడుకొంటున్నారు. అవి నేటి గ్రామవ్యాసాలకు మూలాలు కాగలుగుతున్నాయి.

కైఫియత్తులు రెండు పాఠాలు చెబుతాయి. మౌఖిక జ్ఞానం నేరుగా విజ్ఞాన సర్వస్వంలోకి రాదు. నమోదు, సంపాదన, పరిష్కరణ, ప్రచురణ అనే మెట్లు దాటి వస్తుంది. కరణం చెప్పనిది కైఫియత్తులో చేరలేదన్నది రెండవ పాఠం. దేవాలయాల మాన్యాలు, జమీందారుల వంశాలు అక్కడ కనిపించినంతగా పాలేర్లు, పడవలు లాగినవారు, నాట్లు వేసిన స్త్రీలు కనిపించరు. నమోదు చేసేవాడి చూపే భవిష్యత్తులో మూలాల హద్దు అవుతుంది. నేడు స్థానిక చరిత్ర సేకరించే పరిశోధకుడు మరువకూడని హెచ్చరిక ఇది.

7. సమీక్షకుల బాధ్యత

మూలాలు లేని వ్యాసాన్ని నిలిపి ఉంచడం చదువరికి చేసే ద్రోహం. ముఖ్యంగా జీవించి ఉన్న వ్యక్తుల విషయంలో ఆధారం లేని ఒక్క వాక్యం కూడా హాని చేయగలదు. కాబట్టి పరీక్ష అవసరాన్ని ప్రశ్నించవలసిన పనిలేదు. దాన్ని నిర్వహించే తీరులో లోపాలున్నాయి.

కెనడా భౌతిక శాస్త్రవేత్త డోనా స్ట్రిక్‌లాండ్‌పై రాసిన చిత్తుప్రతిని 2018లో ఆంగ్ల వికీపీడియా సమీక్ష తగిన మూలాలు లేవని తిప్పిపంపింది. అదే సంవత్సరం అక్టోబరు 2న ఆమెకు నోబెల్ బహుమతి ప్రకటించారు. చిత్తుప్రతిలో మూలాలు చాలకపోవడం నిజమే కావచ్చు. ఆమె గురించి లోకంలో మూలాలే లేవా అన్నది వేరే ప్రశ్న. సమీక్ష మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. అంతటి శాస్త్రవేత్తకే ఇది జరిగితే, ఆంగ్లంలో ఒక్క ప్రస్తావన కూడా లేని డెల్టా ప్రాంత రచయిత సంగతి చెప్పనక్కరలేదు. ఆంగ్ల వికీపీడియాలో తెలుగు మూలాలు చెల్లుతాయి. అయితే వాటిని చదవగల సమీక్షకుడు దొరకడం అరుదు. కాబట్టి ఇటువంటి విషయాలకు తెలుగు వికీపీడియానే తొలి ఆశ్రయం, తరచుగా చివరిది కూడా.

తెలుగు సమీక్షకుడు మూడు స్థితులను వేరుచేసి చూడవలసి ఉంది: వ్యాసంలో మూలం చూపకపోవడం, అంతర్జాలంలో మూలం దొరకకపోవడం, ఎక్కడా మూలం లేకపోవడం. మొదటిది రచయిత సరిదిద్దగల లోపం. రెండవదానికి గ్రంథాలయం తెలిసినవారి సహాయం కావాలి. మూడవదే తొలగింపుకు తగిన కారణం. ఈ మూడింటికీ ఒకే మూస పెట్టడం వల్ల మొదటి రెండు వర్గాల రచయితలు కూడా వెనుదిరుగుతున్నారు. మూసతో పాటు ఏ వాక్యానికి ఎటువంటి ఆధారం కావాలో ఒక్క ముక్క రాస్తే కొత్తవారికి దారి దొరుకుతుంది.

నిత్యం శ్రమించే తెలుగు సంపాదకులు అతి తక్కువమంది అన్న వాస్తవాన్ని ఈ విమర్శ విస్మరించరాదు. వారి ఓపికకు హద్దు ఉంది. పోటీలలో, కార్యశాలలలో సంఖ్య కోసం రాసి వదిలేసిన మొలకలను సరిదిద్దే భారం వారిపైనే పడుతున్నది. వ్యాసాల సంఖ్యను విజయానికి కొలమానంగా చూపడం మానితే ఈ భారం కొంత తగ్గుతుంది. ఒక కార్యశాలలో యాభై మొలకలు నాటడం కన్నా, ఇప్పటికే ఉన్న ఐదు గ్రామవ్యాసాలకు పుటసంఖ్యలతో చరిత్రను చేర్చడం మేలు.

8. పరిశోధకుల కర్తవ్యం

మౌలిక పరిశోధనకు విజ్ఞాన సర్వస్వంలో చోటు లేదన్న నియమం పరిశోధకుడికి అడ్డంకి కాదు. పని ఎక్కడ మొదలు కావాలో అది చెబుతున్నది. బుర్రకథ వంతల జీవితాలను, కాలువల మీద పడవ రవాణా చరిత్రను, ఉప్పెన నుంచి బయటపడినవారి కథనాలను సేకరించి, పద్ధతి ప్రకారం విశ్లేషించి ప్రచురించే చోటు పరిశోధన పత్రిక. నిపుణుల సమీక్ష దాటి వచ్చిన వ్యాసం మరునాటి నుంచి వికీపీడియాకు మూలం కాగలదు. తన వ్యాసాన్ని తానే అక్కడ విరివిగా ఉటంకించుకోవడం మర్యాద కాదు, ఆ పని మరొకరు చేయాలి.

కృష్ణా విశ్వవిద్యాలయం, ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం పరిధిలోని తెలుగు శాఖలు స్థానిక విషయాలపై చేయించే సిద్ధాంత గ్రంథాలు అందరికీ చదవడానికి అందితే ఈ అగాధం కొంత పూడుతుంది. గ్రంథాలయాలు జిల్లా అనుబంధాలను తేదీలవారీగా భద్రపరచి సూచిక తయారుచేస్తే వందల వ్యాసాలకు ఆధారం దొరుకుతుంది. హక్కుల కాలం ముగిసిన పుస్తకాలను వికీసోర్సులో పాఠ్యంగా చేర్చితే వెదికేవారికి కనిపిస్తాయి. భారతీయ చట్టం ప్రకారం రచయిత మరణించిన తరువాత 60 సంవత్సరాలకు ఆ హక్కు ముగుస్తుంది. ఇవన్నీ వ్యాసం రాయడానికి ముందు జరగవలసిన పనులు.

9. ముగింపు

పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. తెలుగు వికీపీడియాలో కొత్త వ్యాసం నిలవడాన్ని ప్రధానంగా నిర్ణయించేది విషయం గొప్పతనం కాదు, దాన్ని గురించిన స్వతంత్ర మూలాల లభ్యత.

2. జనగణన, సినిమా, పురస్కారం వంటి నమోదైన వివరాలున్న విషయాలకు ప్రవేశం సులభం. అదే ప్రమాణం సహాయక కళాకారులకు, శ్రామికులకు, స్త్రీలకు చోటును కుదిస్తున్నది.

3. డెల్టా ప్రాంతంలో అనేక సందర్భాలలో సమస్య మూలాల లేమి కాదు, అవి అందకపోవడం. పుటసంఖ్యతో చూపిన ముద్రిత మూలానికి లంకెతో సమానమైన విలువ ఇవ్వాలి.

4. సన్మాన సంచికలు, ముందుమాటలు, ప్రకటన వార్తలు సమాచారాన్ని ఇవ్వగలవు, ప్రాముఖ్యతను నిరూపించలేవు.

5. తిరస్కరణలోని మూడు స్థితులను సమీక్షకులు వేరుచేయాలి. మూకుమ్మడి వ్యాసాలనూ ఒంటరి వ్యాసాన్నీ ఒకే తక్కెడలో తూచాలి.

లక్ష్మణరావు ప్రారంభించిన పని ‘అ’ దగ్గర ఆగడానికి కాలం, ధనం, ఆయుష్షు చాలకపోవడం కారణాలు. ఆ కొరతలు ఏవీ నేటి విజ్ఞాన సర్వస్వానికి ఆ స్థాయిలో లేవు. దాని ముందున్న కొరత ఆధారాలది. వేదిక మీద ముగ్గురు నిలబడి చెప్పిన కథలో ఇద్దరి పేర్లు ఎక్కడా రాయకపోతే, ఎంత ఉదారంగా నడిచే విజ్ఞాన సర్వస్వమైనా ఆ ఇద్దరిని చూపలేదు. వారి పేర్లు తెలిసినవారు డెల్టా ఊళ్లలో ఇంకా ఉన్నారు. వారున్నప్పుడే ఆ పేర్లను అడిగి, సరిచూసి, అచ్చు వేయడం తెలుగు పరిశోధన ముందున్న పని.